అద్దాల గడి

ఆకాశంలో ఏదో వింత చూశామంటూ జనం నింపి పంపే ఫారాలను వడగట్టడం కళ్లద్దాల షాపాయన ఆదివారపు పని. ఎగిరే పళ్లేల పరిశోధక సంఘానికి ఏడేళ్లుగా ఊరికే చేసిపెడుతున్నాడు. ‘చూసినప్పుడు కళ్లద్దాలు ఉన్నాయా?’ అన్న గడిని ఫారంలో పట్టుబట్టి చేర్పించింది ఆయనే. లేవని రాశారంటే ఆ కాగితం ఆయన బల్లకింది అట్టపెట్టెలో పడేది. “అన్నీ ఇలా కొట్టిపారేస్తే ఇంక మన సంఘమెందుకండీ?” అని అధ్యక్షుడు తల పట్టుకుంటే, ఈయన అద్దాలు తీసి, ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడుచుకుంటూ చిన్నగా నవ్వేవాడు.

మొన్న మధ్యాహ్నం మేడమీద ఆరిన బట్టలు తీయబోతూ అలాగే అద్దాలు తుడుచుకుంటుంటే, నీళ్ల ట్యాంకుకు పైన నారింజ రంగులో గుండ్రంగా ఒకటి కదలకుండా నిలిచి ఉంది. గబగబా అద్దాలు పెట్టుకునేసరికి ఏమీ లేదు. కిందికొచ్చి ఫారం తీసి, ఆ గడి దగ్గర ఆగిపోయాడు.

“అరగంటనుంచి ఆ పెన్ను పట్టుకుని ఏంటండీ?” అంది భార్య.

“చూశానే. చూశానో లేదో తెలీడం లేదు.”

చివరికి ‘లేవు’ అని రాసి, తన చేత్తోనే అట్టపెట్టెలో వేశాడు. మనసు ఊరుకోలేదు. అందులోంచే ఒక పాత ఫారం లాగి, దానిమీదున్న నంబరుకు ఫోన్ చేశాడు.

“అమ్మా, కళ్లద్దాల షాపునుంచి మాట్లాడుతున్నా. నాలుగేళ్ల కిందట ఆకాశంలో ఏదో చూశానని ఫారంలో రాశారు. ఓసారి మొదట్నుంచీ చెప్తారా?”

“ఇప్పుడెందుకు బాబూ?” అంది అవతలి ముసలావిడ. “అద్దాల్లేకే అలా కనిపించిందన్నారని మీ షాపులోనే చేయించుకున్నానుగా. అప్పట్నుంచీ మళ్లీ ఏమీ కనపడలేదు.”