కుడి మూల కుంకుమ

నా డిగ్రీ పట్టా పోస్టులో వచ్చిన రోజున మా బాపు దాన్ని షాపు ముందుకు వచ్చిన ప్రతి మనిషికీ చూపించాడు. మెదక్‌లో తహసీల్ ఆఫీసు ఎదురుగా మాది జిరాక్సు, లామినేషన్ షాపు. పక్క గదిలో టైపు మిషన్ మీద దరఖాస్తులు కొట్టే పంతులు ఒకాయన ఉండేవాడు. ఆయన కళ్లజోడు సర్దుకొని పట్టాను పైనుంచి కిందిదాకా చదివి, కుడి మూలన వేలు పెట్టాడు. అక్కడ చిన్న అక్షరాల్లో ‘డిస్టెన్స్ మోడ్’ అని ఉంది.

“గిది చూసినంక సాఫ్ట్‌వేరోళ్లు లోపటికి రానిస్తరా? రెగ్యులర్ కాలేజీల సదివినోళ్లే రోడ్ల మీద తిరుగుతున్నరు,” అన్నాడు.

బాపు పట్టా తీసుకొని లోపల పెట్టాడు.

నన్ను ఇంజనీరింగ్ చదివించే స్తోమత మా ఇంట్లో లేదు. తక్కువ ఫీజుతో ఇంటి దగ్గరే ఉండి కంప్యూటర్ డిగ్రీ చదవొచ్చని, పాఠాలన్నీ ఇంటర్నెట్‌లోనే వస్తాయని ఒక ప్రకటన చూసి నేనే పట్టుబట్టాను. తీరా నెట్ సెంటర్లో పాఠం మొదలుపెడితే సగంలో కరెంటు పోయేది. కరెంటు ఉంటే వీడియో కదిలేది కాదు. షాపులో ఖాళీ దొరికినప్పుడల్లా మా పాత కంప్యూటర్ మీద ప్రోగ్రాములు రాసేదాన్ని. తప్పొస్తే చెప్పడానికి సారు లేడు. ఎక్కడ తప్పానో నేనే వెతుక్కోవాలి. ఒక్కోసారి ఎక్కడో మరిచిన ఒక్క చుక్క కోసం రెండు రోజులు వెతికాను.

అవి తెలంగాణ కోసం బందులు జరుగుతున్న రోజులు. పరీక్షకు హైదరాబాద్ పోదామని హాల్ టికెట్ పట్టుకొని బస్టాండుకు పోతే బస్సులుండేవి కావు. పరీక్ష వాయిదా. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, ధర్నాలో కూర్చున్నాను కూడా. కానీ కూర్చున్నంతసేపూ పరీక్ష మళ్లీ ఎప్పుడు పెడతారోనని లోపల పీకుతూనే ఉండేది. అందరూ నినాదాలిస్తుంటే నేను నా సెమిస్టర్ గురించి దిగులుపడుతున్నానని సిగ్గేసేది.

అట్లా ముక్కుతూ మూలుగుతూ పూర్తయిన చదువు అది. ఎన్నో దరఖాస్తులు పెట్టగా చివరికి హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది.

“అమ్మవారి కాళ్ల కాడ పెట్టుకొస్త,” అని అమ్మ పట్టా తీసుకొని ఆటోలో ఏడుపాయల గుడికి పోయింది. మా ఇళ్లలో పెళ్లి కార్డయినా సరే, నాలుగు మూలలా పసుపు కుంకుమ పెట్టందే బయటికి తీయరు. నా పట్టాకూ అదే మర్యాద జరిగింది. మరునాడు నేను షాపుకు వెళ్లేసరికి బాపు లామినేషన్ మిషన్ దగ్గర నిలబడి ఉన్నాడు. పట్టా వేడివేడిగా బయటకొస్తోంది. కుడి మూలన ‘డిస్టెన్స్ మోడ్’ అన్న అక్షరాల మీద కుంకుమ దట్టంగా ఉంది. ఒక్క అక్షరం కనబడటం లేదు. పైన ప్లాస్టిక్ ఉంది కాబట్టి తుడవడానికీ లేదు.

“ఎంత పని జేసినవ్ బాపూ! లామినేషన్ జేసిన పట్టా ఎవలన్న తీసుకుంటరా?”

“చెదలు వట్టకుంట ఉంటది తియ్, బిడ్డా,” అన్నాడు నావైపు చూడకుండా.

అరిచాను గానీ, నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను అబద్ధమాడే పని లేదు, అమ్మవారే కప్పేసింది అనుకున్నాను. వెంటనే లెంపలేసుకున్నాను. అయినా ఆ సంతోషం పోలేదు.

ఇంటర్వ్యూకు బాపు కూడా వచ్చాడు. సర్టిఫికెట్లు చూసే మేడమ్ నా పట్టా చేతిలోకి తీసుకొని ఆ మూలను గోటితో గీకింది.

“ఇక్కడ ఏం రాసుంది?”

తెలియదంటే సరిపోయేది. అద్దం తలుపు అవతల బాపు కుర్చీ అంచున, ఒళ్లో టిఫిన్ డబ్బాతో కూర్చున్నాడు. వీపు ఆనించడానికి కూడా భయపడుతున్నాడు.

“డిస్టెన్స్ మోడ్ అని ఉంటది మేడమ్. ఇంటర్నెట్ల సదివిన,” అన్నాను.

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. లామినేషన్ చేసిన పట్టా చెల్లదని, ఉద్యోగం వస్తే డూప్లికేటు తేవాలని చెప్పి నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పనిచేయని ప్రోగ్రాము ఒకటి ఇచ్చి తప్పెక్కడుందో వెతకమంది. మూడేళ్లుగా నేను చేసింది ఆ పనే.

తిరుగు బస్సు నర్సాపూర్ అడవి దాటాక బాపు నావైపు తిరిగాడు.

“బిడ్డా, మీ అమ్మ బొట్టు చిన్నగనే పెట్టింది,” అన్నాడు ఉన్నట్టుండి. “నేనే ఇంకింత కుంకుమ తడిపి రుద్దిన. ఎవలు తుడవకుంట ప్లాస్టిక్ ఏసిన. లామినేషన్ జేస్తే చెల్లదని నాకు ఎర్కలేదా? గా పంతులు మాట ఇన్నకాడికెల్లి పరేషాన్ అయితున్న. నీ సదువును నేనే దాసిపెట్టిన.”

“నేను గూడ గట్లనే దాసుకుందామనుకున్న బాపూ,” అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

పన్నెండు రోజులు ఫోను మోగినప్పుడల్లా చచ్చి బతికాక, ట్రైనీగా తీసుకున్నామని కబురొచ్చింది. ఆ డిగ్రీ లేకుంటే నన్ను ఆ గది దాకా రానిచ్చేవాళ్లు కాదు. ఆ డిగ్రీ ఒక్కటే ఉంటే ఆ గదిలోంచి ఉత్త చేతులతో పంపేవాళ్లు. చవక చదువు గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు తెలిసింది ఇంతే.

డూప్లికేటు పట్టా వచ్చిన రోజున అమ్మ బొట్లు వెనకవైపు పెట్టింది. బాపు మిషన్ స్విచ్చి కూడా వేయలేదు. పట్టా పట్టుకొని పక్క గదికి పోయాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అయినా వేలు సరిగ్గా కుడి మూలనే పెట్టాడు.

“పంతులూ, గీడ ఏం రాసున్నదో జర గట్టిగ సదువుండ్రి,” అన్నాడు. “బజారంత ఇనవడాలె.”