చర్లపల్లిలో తేలిన శ్రీకారం

నాచారంలో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో నాది టెస్టింగ్ గది. ఒక్కో విడత సరుకు, అంటే లాటు, వచ్చినప్పుడల్లా నాలుగు బోల్టులు తీసి, మిషన్‌తో లాగి తెంపి, ఎంత బరువుకు తెగాయో సర్టిఫికెట్‌లో రాసి సంతకం పెడతాను. ఇరవై ఏళ్లుగా ఇదే పని. మిషన్ పక్కనున్న కంప్యూటర్‌కు బయటి లోకంతో సంబంధం లేదు. వైరస్ వస్తుందని ఎవరూ దానికి ఏ వైరూ తగిలించలేదు. పెన్‌డ్రైవ్ పట్టుకుని మేడెక్కడం, ఆఫీసులో ప్రింటు తీసుకుని దిగడం, అంతే.

ఒకరోజు పొద్దున్నే మేనేజర్ నా కంప్యూటర్‌కు నెట్‌వర్క్ వైరు పెట్టించాడు. పైన ఆఫీసుకు కొత్త ప్రింటర్ వచ్చింది, అందరికీ కలిపి ఒకటే.

"సాయంత్రం లారీ పోయేలోపల ఈడికెల్లి ప్రింట్ రావాలె మేడమ్. గాకుంటే కంప్యూటర్ పైకి మారుస్త. సర్టిఫికెట్ల మీద కొత్త ఇంజనీర్ సంతకం పెడ్తడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఇంజనీరు బోల్టు తెగిన చప్పుడుకే చెవులు మూసుకుంటాడు. "నేనే పెట్టుకుంటానండీ, ఎవరూ రానక్కర్లేదు," అన్నాను. ఉప్పల్‌లో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్లయినా మా కోస్తా 'అండీ' నన్ను వదల్లేదు, కోపంలో కూడా.

ప్రింటర్ కలపమని నొక్కితే రెండు పేర్లు కనిపించాయి. అక్షరం తేడా లేదు. ఒకదాన్నే రెండుసార్లు చూపిస్తోంది కాబోలనుకుని పైదాన్ని ఎంచుకున్నాను. కొత్త పెన్ను కొన్నా, కొత్త నోటుబుక్కు తెరిచినా మొదట శ్రీ రాయకుండా నా చెయ్యి ముందుకు సాగదు. ఖాళీ పేజీ మీద పెద్దగా శ్రీ అని కొట్టి ప్రింటు ఇచ్చాను.

మేడెక్కి చూస్తే ట్రేలో ఏమీ లేదు. దిగి మళ్లీ ఇచ్చాను, మళ్లీ ఎక్కాను. అలా తొమ్మిదిసార్లు. నా మోకాళ్లకు నోరుంటే బండబూతులు తిట్టేవి.

"ఏంది మేడమ్, మెట్ల మొక్కు గిట్ల ఉందా?" అన్నాడు అటెండరు.

చివరికి అసలు సర్టిఫికెట్టే మూడు కాపీలు కొట్టి పైకి పరుగెత్తాను. అదీ లేదు. కింద లారీ బయల్దేరడానికి తయారుగా ఉంది. ప్రింటర్ పక్కన నిలబడితే ఏడుపొచ్చింది.

అప్పుడే మేనేజర్ ఫోన్ మోగింది. చర్లపల్లిలో ఉన్న మా రెండో యూనిట్ స్టోర్‌కీపర్. మా బోల్టులు ప్యాకింగ్‌కు వెళ్లేది అక్కడికే. రెండు చోట్లకూ నెట్‌వర్క్ ఒకటే, వాళ్లకీ అదే రకం ప్రింటర్, అదే పేరు. ఆయన గొంతు స్పీకర్‌లో వినిపించింది.

"సార్, పొద్దుగాల సంది మా ప్రింటర్ల శ్రీలు వస్తున్నయ్. తొమ్మిదైనయ్. మావోళ్లు దండం పెట్టి జేబుల పెట్టుకుంటున్రు. గిప్పుడు సర్టిఫికెట్ గూడ వచ్చింది, సంతకం లేదు."

మేనేజర్ నా వైపు గుర్రుగా చూశాడు. "లారీల ఇంజనీర్‌ను పంపిస్త, ఆయన పెడ్తడు."

"వద్దు సార్. మేడమ్ సంతకం ఉంటెనే లాట్ దించుకుంట. ఇన్నేండ్ల సంది గదే నమ్ముకున్న."

"మీ గది మీకే ఉండనీయ్ మేడమ్. జల్ది పోయి రాండ్రి," అన్నాడు మేనేజర్. సంతోషం ఆపుకోలేక అటెండరుకు కూడా నమస్కారం పెట్టి లారీ ఎక్కాను.

చర్లపల్లిలో స్టోర్‌కీపర్ నన్ను ఎగాదిగా చూశాడు. "మేడమ్ మేడమ్ అంటుంటె పెద్ద మనిషి అనుకున్న. మీరు బస్సుల పక్క సీట్ల కూసునేటట్టు ఉన్నరు," అంటూ కాగితం నా ముందు పెట్టాడు. నలుగురు హమాలీలు కూడా చుట్టూ చేరారు. ఇరవై ఏళ్లలో నా సంతకం కోసం ఎవరైనా ఎదురుచూడడం కళ్లారా చూసింది అదే మొదలు. ఎప్పుడూ లేనంత శ్రద్ధగా, పెద్దగా సంతకం పెట్టాను.

ఆయన పాత ఫైలు తెరిచి, అందులోని నా సంతకాన్నీ ఇప్పుడు పెట్టినదాన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. రెండో కాపీ నా వైపు జరిపాడు.

"గిది కలుస్తలేదు మేడమ్. ఇంకోసారి మంచిగ పెట్టుండ్రి."