మెరిసిన గీత

మార్చి తొమ్మిదో తేదీ ఉదయం పదింబావుకు, విజయవాడలోని ఒక స్కానింగ్ సెంటరులో, నా కుడి డొక్క మీద చల్లని జిగురు పడింది. కడుపులో రాయి ఉందేమో చూడమని డాక్టరు గారు రాసి ఇచ్చారు. పరీక్ష చేసే అమ్మాయి చిన్న పరికరాన్ని ఆ జిగురులో ఆనించి మెల్లగా జరుపుతుంటే నేను తెర వైపు చూడలేక కళ్ళు మూసుకున్నాను. ఆ చల్లదనం నా ఒంటికి కొత్త, చేతికి మాత్రం పాతది. ఏళ్ళ తరబడి అలాంటి జిగురునే ఇనుప గొట్టాల మీద పూస్తున్నాను. పని ముగిశాక ఆ అమ్మాయి రెండు కాగితపు రుమాళ్ళు నా చేతిలో పెట్టి, తుడుచుకోమని చెప్పి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. నాకు వెంటనే లేవబుద్ధి కాలేదు. పరీక్షించిన దాన్ని తుడవకుండా వదిలి వెళ్ళిన రోజు మస్తాన్‌వలి గారి జీవితంలో లేదు.

ఆయన ఆటోనగర్‌లోని ఒక చిన్న తనిఖీ సంస్థలో నా పైఅధికారి. గొట్టాలను వెల్డింగుతో అతికిన చోట లోపల పగులు ఉందా, బుడగ చిక్కుకుందా అని చూడడం మా పని. అందుకు మాకు రెండు దారులు. ఎక్స్‌రే తీసి, ఆ ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి చదవడం ఒకటి. చెవికి అందని శబ్దాన్ని జిగురు పూసిన చోటి నుంచి లోహంలోకి పంపి, అది తిరిగి వచ్చే తీరును తెర మీద గమనించడం రెండోది. లోపల ఏమీ లేకపోతే ఆ శబ్దం అవతలి అంచుదాకా పోయి వస్తుంది. పగులుంటే మధ్యలోనే వెనక్కి వచ్చి, తెర మీద ముల్లులా లేస్తుంది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఉయ్యూరు పక్కన చెరకు నరికే ఇంటి నుంచి ఫిజిక్సు పట్టా పట్టుకుని వచ్చాను. మొదటి రోజున ఆయన నా మార్కుల గురించి అడగలేదు. చేతిగుడ్డ తెచ్చుకున్నావా అని అడిగారు.

ఆ గుడ్డ ఎందుకో కొద్ది రోజులకు తెలిసింది. నాగేశ్వరరావు అనే వెల్డరు చేసిన అతుకులో లోపం కనపడింది. దాన్ని కోసి మళ్ళీ అతకాలని ఆయన సుద్దతో గుర్తు పెట్టారు. "మా ఆవిడైనా నాలో ఇన్ని తప్పులు పట్టదండీ" అని నాగేశ్వరరావు మూతి ముడిచాడు. "ఆవిడ పైనుంచి చూస్తుందయ్యా, నేను లోపలిది చూస్తా" అంటూనే మస్తాన్‌వలి గారు ఆ అతుకు మీది జిగురును శుభ్రంగా తుడవసాగారు. ఎలాగూ కోసి పారేసేదాన్ని తుడవడం దేనికని నేను అడిగాను. "కోసేవాడి చేతికి అంటుతుంది కదమ్మా" అన్నారు. ఆయన నాకు నేర్పినవన్నీ ఇలాగే, ఏదో పని చేస్తూ మధ్యలో అన్న మాటలే. ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఆయనకు రాదు.

ఫిల్ము చదవడం మాత్రం నన్ను తన పక్క స్టూలు మీద కూర్చోబెట్టుకుని చాలా ఓపికగా నేర్పారు. ఫిల్ము మీద గోరు తగిలినా, అంచు రాసుకున్నా సన్నని గీత పడుతుంది. లోహంలోని పగులూ సన్నని గీతలాగే కనపడుతుంది. రెంటినీ వేరు చేయాలంటే ఫిల్మును చేతిలోకి తీసుకుని వెలుగుకు వాలుగా వంచాలి. పైన పడిన గీత ఐతే తళుక్కున మెరుస్తుంది, లోహంలోని పగులు మెరవదు. ఆయన ఫిల్మును వంచే తీరు, తెల్లవారుజామున నమాజుకు లేచిన మనిషి ఇంట్లో వాళ్ళకు మెలకువ రాకుండా తలుపు తీసినట్టుండేది. మెరిస్తే పక్కన "గీత" అని రాసి సంతకం పెట్టేవారు. ఆ సంతకం ఉన్న గొట్టంలోకి ఎవరైనా నిశ్చింతగా ఆవిరి వదిలేవారు.

ఆ సంతకం చేసే హక్కు ఊరికే ఉండదు. మా వృత్తిలో ఏటా కళ్ళ పరీక్ష ఉంటుంది. మూరెడు దూరంలో పట్టిన కార్డు మీది అతి చిన్న అక్షరాలు చదవగలగాలి. మా ఆఫీసులో ఆ కార్డు ఒకటే ఉండేది, అంచులు పసుపెక్కి. మా అందరినీ ఆయనే చదివించేవారు, ఆయనను మాలో ఒకరు చదివించేవారు. ఆ ఏడు నా వంతు వచ్చింది. అప్పటికే ఆయన మెట్ల దగ్గర కాలితో తడుముకోవడం మేమందరం చూస్తున్నాం. మా యజమాని నన్ను ముందు రోజే పిలిచి, చదివించి పాసని రాసేయమ్మా, కాదంటే రేపటినుంచి ఆ మనిషి ఎక్కడ కూర్చుంటాడు అన్నారు. ఆయన మాటలో దురాశ ఏమీ లేదు. నా మనసులోనూ ఆ ఆలోచనే ఉంది.

కార్డు పట్టుకున్నాను. మస్తాన్‌వలి గారు చివరి వరుస దాకా ఎక్కడా తడబడకుండా చెప్పారు. నేను పెన్ను తీశాను.

"ఆగమ్మా. నేను చదవలేదు, అప్పజెప్పాను."

బల్ల మీది ఆనాటి దినపత్రికను తానే తీసి, చిన్న ప్రకటనలున్న పేజీ నా చేత పట్టించారు. దగ్గరగా పట్టమన్నారు, దూరంగా పట్టమన్నారు, కిటికీ వైపు తిరిగారు. చాలాసేపటికి పత్రికను మడతల ప్రకారం మడిచి పెట్టి, చదవలేకపోయానని రాసెయ్ అన్నారు. రేపు ఇంకోసారి చూద్దాం సార్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. రాశాను. తరువాత ఆయన కోరింది ఒక్కటే: చూపు మసకబారడం మొదలైన రంజాన్ తరువాత తాను సంతకం పెట్టిన ఫిల్ములన్నీ నేను మళ్ళీ చూడాలి.

పామర్రు దగ్గర కొత్తగా కడుతున్న ఒక నూనె మిల్లు ఆవిరిగొట్టం ఫిల్ములో, ఆయన "గీత" అని రాసిన చోట నా చేయి ఆగింది. వంచాను, మెరవలేదు. ఇటు వంచాను, అటు వంచాను. అది మెరవాలని నేను కోరుకున్నంతగా బహుశా ఎవరూ కోరుకుని ఉండరు. వెళ్ళి చెప్పాను. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"నాకు మెరిసిందమ్మా" అన్నారు. కళ్ళు నులుముకుని, "మెరిసింది ఫిల్ము కాదన్నమాట. నా కన్ను" అన్నారు. శుక్లాలు ముదిరితే వెలుగు కంట్లోనే చెదిరి మెరుస్తుందని డాక్టరు ఆయనకు అంతకు ముందే చెప్పారట.

మరునాడు బస్సులో ఇద్దరం పామర్రు వెళ్ళాం. ఫోనులో చెప్పవచ్చు కానీ ఆయన ఒప్పుకోలేదు. గొట్టానికి అప్పటికే రేకు తొడిగేశారు, సోమవారం ఆవిరి వదలబోతున్నారు. మేనేజరు రేకు విప్పించారు. ఆ అతుకు అక్కడే పనిలో ఉన్న నాగేశ్వరరావుదే. "మీరు వంక పెట్టకుండా వదిలిన అతుకు అదొక్కటేనండీ. అది కూడా తీసేస్తే నాకింకేం మిగులుద్ది?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వలేదు. మస్తాన్‌వలి గారు జిగురు పోశారు, నేను పరికరం జరిపాను. ఆయన తెర వైపు కాక నా ముఖం వైపు తిరిగి నిలబడ్డారు.

"ఎక్కడ లేచిందమ్మా?"

"మధ్యలోనే సార్."

"ఎంత?"

"హద్దు దాటింది."

ఆ గొట్టం కింది నీడలో తవుడు బస్తాలు మోసే ఆడవాళ్ళు అన్నాలు తింటూ ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఆయన ఆ మాటలు వినపడే వైపు కొంతసేపు తల తిప్పి ఉన్నారు. తరువాత జేబులోంచి గుడ్డ తీసి, వేళ్ళతో తడుముకుంటూ అతుకంతా తుడిచారు. అడుగు భాగాన కొంచెం జిగురు మిగిలిపోయింది. అది ఆయనకు కనపడలేదు. నాగేశ్వరరావు తన చొక్కా కొసతో చప్పుడు చేయకుండా దాన్ని తుడిచేశాడు.

ఆ తరువాత ఆయన ఆఫీసుకు రాలేదు. వించిపేటలో వాళ్ళింటికి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. కళ్ళకు ఆపరేషను చేశారు. కానీ షుగరు కంటి వెనక పొరను ముందే తినేసిందని తరువాత తెలిసింది. వెళ్ళిన ప్రతిసారీ ఆ పామర్రు అతుకు గురించే అడిగేవారు. కొత్తది చూశావా, రెండు విధాలా చూశావా అని. చూశాను సార్, ఏమీ లేదు అని ప్రతిసారీ చెప్పేదాన్ని. చివరిసారి అడిగినప్పుడు ఆయనకు నేనెవరో నా గొంతును బట్టే తెలిసింది. ఆయన పోయి, జనాజా వెళ్ళిన రోజు నాగేశ్వరరావు, నేను వీధి మొదట్లో నిలబడ్డాం. ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

స్కానింగ్ సెంటరులో ఆ అమ్మాయి తిరిగి వచ్చేసరికి నేను రెండో రుమాలుతో ఆమె పరికరానికి అంటిన జిగురు తుడుస్తున్నాను. "మేం చూసుకుంటామండీ, మీకెందుకు" అంది. రాయి లేదని కూడా చెప్పింది.

ఆయన వెళ్ళాక మా ఆఫీసులో ఆ పసుపెక్కిన కార్డు తీసేశాం. కళ్ళ పరీక్షకు ఏ రోజు పత్రిక ఆ రోజు తెప్పిస్తాం. ప్రతి ఫిల్మునూ ఇద్దరం చూస్తాం, రెండు సంతకాలుంటాయి, మొదటిది నాది. ఫిల్ము పక్కన "గీత" అని ఇప్పుడు ఎవరం రాయము. అనుమానం వస్తే మళ్ళీ ఎక్స్‌రే తీస్తాం.