ఏడో కేసు

ప్రోగ్రాం రాయకముందే దానికి పరీక్షలు రాసిపెట్టుకోవాలన్న పద్ధతిని తొంభైలలో ప్రపంచానికి ఇచ్చింది నేనే. సరే, ప్రపంచం వద్దు, తార్నాక అనుకోండి. ఇంకా నిజం కావాలంటే, ఇచ్చింది మా క్యాంపస్ పరీక్షల సెక్షన్ సూపరింటెండెంట్ మేడం. నేను ఆమెను మోసం చేశాను.

డిగ్రీ ఫలితాలు కంప్యూటర్‌తో తీసే పని టెంపరరీవాణ్ణయిన నాకు అప్పగించారు. సరిగ్గా చేస్తే పర్మనెంట్. మేడం ఒక్కటే షరతు పెట్టారు.

"ముందుగాల పన్నెండు మందికి మార్కులు కల్పించు. ఎవరు పాసో, ఎవరు ఫెయిలో చేత్తోని లెక్కగట్టి కాగితం నాకియ్యి. గప్పుడు మిషన్ ముట్టు."

నాకంత ఓపికేదీ? ముందు ప్రోగ్రాం రాసేశాను. అది చూపిన జవాబులే కాగితం మీదికి దించి, చేతిలెక్క అని ఇచ్చాను. పన్నెండుకు పన్నెండూ కలిశాయి. కలవక చస్తాయా!

ఫలితాలు మర్నాడు బోర్డెక్కాలి. ఆ మధ్యాహ్నం కుర్చీ నన్ను నిలవనివ్వలేదు. చౌరస్తా దాకా నడిచి ఇరానీ హోటల్లో చాయ్ చెప్పి, సగం తాగి వెనక్కొచ్చి, మళ్లీ వెళ్లాను. అలా పదకొండు చాయ్‌లు. అబద్ధం, నాలుగు. నాలుగోదాని ముందు కూర్చుని, సిగరెట్ డబ్బా అట్ట మీద ఏడో కేసును, అంటే నేను కల్పించిన పన్నెండు మందిలో ఏడోవాణ్ణి, మొదటిసారి నిజంగా లెక్కగట్టాను. ఒక పేపర్లో మూడు మార్కులు తక్కువ, ఇంకోదాంట్లో రెండు. నియమం ప్రకారం అన్నింటికీ కలిపి ఐదు గ్రేస్ మార్కులు. పాస్. నా ప్రోగ్రాం మొదటి పేపరుకు మాత్రమే కలిపి ఆగిపోయింది. ఫెయిల్.

అలాంటి అసలు పిల్లలు ఎంతమందో! చెబితే నా ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే వాళ్ల ఏడాది పోతుంది. చౌరస్తాలో రెండుసార్లు అటూ ఇటూ దాటి, చివరికి సెక్షన్‌కు పరుగెత్తాను.

మేడం రామంతాపూర్ బస్సుకు బయల్దేరుతున్నారు.

"మేడం, ఏడోటోడు పాసయితడు."

"మరి ఫెయిలని నీ చేత్తోనే రాసినవు గదా?"

"చెయ్యి నాదే మేడం. లెక్క మిషన్‌ది."

"కాపీ కొట్టినవా? పరీక్షల సెక్షన్ల కూసోని!"

బ్యాగు కింద పెట్టి, తెల్లకాగితం నా ముందుకు తోశారు. "మిషన్ బంద్ చెయ్యి. రాయి."

జాబితా ఒకరోజు ఆలస్యంగా వెళ్లింది. నలభై మందిని గట్టెక్కించానని చెప్పుకుంటుంటాను, నిజానికి తొమ్మిది మంది. నా పర్మనెంట్ ఫైలు మీద మేడం "ఇంకో ఏడాది చూద్దాం" అని రాశారు. ఆ ఏడాదంతా ప్రతి కాగితానికీ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చేతిలెక్క చేయించారు.