కళ్యాణి చేతికి కుదిరిన గిటారు

మా ఆర్కెస్ట్రాలో కళ్యాణి లీడ్ గిటారు వాయిస్తుంది. రిసెప్షన్లలో ఆమె సోలో అందుకుంటే భోజనాల వరుసలో నిలబడినవాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని వేదిక వైపు తిరుగుతారు. పక్కనే కీబోర్డు వాయిస్తూ ఆ ముచ్చట ఎన్నోసార్లు చూశాను.

పోయిన వేసవి చివర్లో హెబ్బాళ దగ్గర ఆమె స్కూటరు జారి ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేలు మళ్ళీ వంగలేదు. గిటారు తీగలను నొక్కేది ఎడమచేయే. ఆర్కెస్ట్రా నడిపే బసవరాజన్న ఆమె మనసు నొప్పించకుండా, "కొన్నాళ్ళు వెనక రిథమ్ వాయించమ్మా, లీడ్‌కు ఇంకెవర్నైనా చూస్తాం" అన్నాడు.

"ఒక వేలే కదన్నా పోయిండేది. మిగిలినవి బాగానే ఉండాయి. కొంచెం టైమియ్యి" అంది కళ్యాణి.

ఆ వర్షాకాలమంతా ఆమె చేతికి కొత్త నడక నేర్పింది. వేళ్ళు చాచి అందుకునే స్వరాలను ఇప్పుడు చేయి మొత్తం జరిపి అందుకోవాలి. కింది స్థాయిలో బాగానే వచ్చింది. పై స్థాయికి పోయేసరికి చిక్కు వచ్చింది. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకు తీగలు సాగే మెడను వెనకనుంచి స్క్రూలతో గిటారు ఒంటికి బిగిస్తారు. ఆ అతుకు దగ్గర చెక్క దిమ్మలా ఉంటుంది. జరుగుతూ వెళ్ళిన అరచేయి సరిగ్గా అక్కడ గుద్దుకుని ఆగిపోయేది.

అందుకే ఇద్దరం సర్జాపుర వెళ్ళాం. అక్కడ పద్మనాభం అనే ఒంగోలు అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఒక షెడ్డులో గిటార్లు చేస్తున్నాడు.

"నెక్-త్రూ అయితే మీ ప్రాబ్లమ్ సాల్వ్ అవుతుందండీ" అన్నాడతను. "మెడ చెక్కే తల నుంచి తోక దాకా ఒకటిగా సాగుతుంది. రెండు పక్కలా రెక్కలు అతికిస్తాం, అంతే. వెనక దిమ్మ ఉండదు. కానీ మెడ నచ్చకపోతే విప్పి ఇంకోటి వేసే ఆప్షన్ కూడా ఉండదు."

"ఒకే మొద్దులో తొలిచే ఏకాండి వీణ మాదిరి అన్నమాట" అంది కళ్యాణి. " అయితే మెడ నాకు కుదిరేదాకా రెక్కలు అతికించొద్దప్పా."

అతను అలలు అలలుగా చారలున్న చెక్కలు తెచ్చి ముందుపెట్టాడు. నాకైతే కళ్ళు చెదిరాయి. ఆమె వాటిని పక్కకు జరిపి, చెక్కిపెట్టిన పాత మెడలు అడిగింది. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పట్టి చూసింది. లావుగా ఉన్నదానికి బొటనవేలు అలిసిపోతోంది. సన్నగా ఉన్నదాన్ని పట్టుకుంటే వంగని వేలు అడ్డం వస్తోంది.

"లావు తీగల పక్క నిండుగా ఉండనీ, సన్న తీగల పక్క పల్చగా చెయ్యి. అవుతుందా?"

"ఎప్పుడూ చెయ్యలేదండీ. ట్రై చేద్దాం."

అతను చిత్రిక పట్టడం, ఆమె పట్టి చూడడం. అలా ఎన్ని ఆదివారాలు పోయాయో. "ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు, చాలప్పా!" అని ఆమె ఉన్నట్టుండి అరిస్తే షెడ్డులో అందరం ఉలిక్కిపడ్డాం. మెడ వెనక మెరిసే వార్నిష్ వద్దంది. చెమటకు చేయి అంటుకుంటుందని నూనె మాత్రమే పట్టించమంది.

తేలికగా ఉండాలని రెక్కలకు పల్చని పనస చెక్క ఎంచుకున్నారు. అంతా బిగించాక కళ్యాణి స్ట్రాప్ వేసుకుని చేతులు వదిలింది. గిటారు తల నెమ్మదిగా నేలవైపు వాలిపోయింది. దాన్ని ఎత్తి పట్టుకోవాల్సింది మళ్ళీ ఆ ఎడమచేయే. పద్మనాభం ముఖం పాలిపోయింది.

"ఈ చెయ్యి వాయించడానికి ఉండాది, మోయడానికి కాదప్పా" అంది ఆమె. గొంతులో కోపం లేదు. కాసేపు అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని, "స్ట్రాప్ తగిలించే కొమ్ము ఇంకా ముందుకుంటే నిలబడుతుందేమో" అంది.

"కరెక్టే. లుక్ కోసం నేనే షార్ట్‌గా కోశాను" అన్నాడతను. మెడ జోలికి పోకుండా పై రెక్క ఒక్కటీ కోసేసి, పొడవు కొమ్ముతో కొత్తది అతికించాడు. తల దగ్గర తీగలు బిగించే బిరడాలు కూడా తేలికవి వేశాడు. ఈసారి ఆమె చేతులు వదిలితే గిటారు నడుము మీద కదలకుండా నిలిచింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు.

దొడ్డబళ్ళాపురంలో ఒక మగ్గాలవారి ఇంటి రిసెప్షన్‌లో దాన్ని మొదటిసారి వేదిక ఎక్కించింది. సోలో దగ్గర బసవరాజన్న ఊపిరి బిగబట్టడం నాకు కనిపించింది. కళ్యాణి చేయి మెడ మీద జారుకుంటూ పైకి, ఇంకా పైకి వెళ్ళింది. ఎక్కడా ఆగలేదు. మధ్యలో ఒక స్వరం తప్పింది కూడా. ఆమె చిన్నగా తల ఊపి, రెండో చుట్టులో దాన్ని సరిచేసి వాయించింది. పెళ్ళికొడుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

తిరుగు ప్రయాణంలో వ్యానులో బసవరాజన్న, "లీడ్ నీదేనమ్మా, ఇంక మాట్లాడేది లేదు" అన్నాడు.

"ఆ తప్పు పోయిన జాగా ఉండాది కదన్నా, దాని పని చూడాల. ఈ ఆదివారం ప్రాక్టీసు పెట్టు" అంది కళ్యాణి, గిటారు సంచీని ఒళ్ళోకి లాక్కుంటూ.