మా అవ్వ కొట్టిన ఊఁ

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, లోకాన్ని మార్చడానికి ఒక మైకూ ఒక టోపీ చాలనుకునేవాణ్ణి. టోపీని వెనక్కి తిప్పి పెట్టుకోవాలి, అంతే. డిగ్రీ అయిపోయి కట్టంగూర్‌లో ఖాళీగా తిరుగుతూ, మా నల్లగొండ ఫ్లోరైడ్ నీళ్ల మీద ఒక ర్యాప్ కట్టి, ర్యాపర్ల పద్ధతిలో నాకు నేనే ‘ఎంసీ ఫ్లోరైడ్’ అని పేరు పెట్టుకున్నాను. (కొడుకు రోగం పేరు పెట్టుకున్నాడని బాపు అమ్మ దగ్గర వాపోయాడట.) బాపుకు విత్తనాల దుకాణం ఉంది. నేను అందులో కూర్చోవాలని ఆయన, హైదరాబాద్ పోయి ర్యాపర్‌ని కావాలని నేను. ఇంట్లో అన్నం సహించని పరిస్థితి వచ్చాక, నల్లగొండ ఫంక్షన్ హాల్లో శనివారం సాయంత్రం ర్యాపులు, కవితల కార్యక్రమం ఉందని తెలిసి బాపు ఒక మెట్టు దిగాడు. “నేనొచ్చి చూస్త. జనం మెచ్చితే హైదరాబాద్ పో. లేకుంటే సోమారం దుకాణం తెరువు” అన్నాడు.

ఆయనతో పాటు అవ్వ కూడా బయలుదేరింది. మోకాళ్లు వంగిపోయిన మనిషి, ఆటోలోంచి మెల్లగా దింపి ముందు వరుసలో నా పక్కన కూర్చోబెట్టాను. బాపు వెనకాల గోడ దగ్గర నిలబడ్డాడు. నా తొడల దాకా దిగిన టీషర్టు చూసి, ఇది దవాఖానలో ఇచ్చిన్రా అని అవ్వ అడిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన నిర్వాహకుడు, ఇక్కడ చప్పట్లు కొట్టొద్దు, నచ్చితే చిటికెలు వేయాలని చెప్పినప్పుడు ఆమె ఆకు, వక్క సర్దుకునే పనిలో ఉంది. మహబూబ్‌నగర్ అమ్మాయి ఒకామె, బొంబాయికి మట్టి పనికి పోయే తన తండ్రి గురించి కవిత చదివింది. నాకు కళ్లు చెమర్చాయి. హాలంతా చిటికెలు. మా అవ్వకు తెలిసి మనుషులు చిటికె వేసేది ఆవులింత వచ్చినప్పుడే. “గా పిల్ల గంత మంచిగ చెప్తుంటే అందరికి ఆవులింతలేందిరా” అని నా చెవిలో బాధపడింది. అప్పుడే నన్ను పిలిచారు.

నాతో వచ్చిన దోస్తు లాప్‌టాప్‌లో బీటు మొదలుపెట్టాడు. “పక్కన కృష్ణమ్మ పారుతాంది, మా కుండ ఎండుతాంది” అన్నాను. “ఊఁ” అంది అవ్వ, గట్టిగా. మనవడి దగ్గర ఎవరికీ ఆవులింత రాకూడదని ఆమె పట్టుదల. రెండో చరణానికీ ఊఁ. బీటు ఒక దిక్కు, ఊఁ ఒక దిక్కు, మధ్యలో నాకు తాళం తప్పి మూడో చరణం మొత్తం ఎగిరిపోయింది. దోస్తు బీటు ఆపేశాడు. బాపు నేల చూపులు చూస్తున్నాడు. నా హైదరాబాద్ నా కళ్లముందే పోతోంది.

“ఆగినవేంది బిడ్డా, తర్వాత ఏమైంది?” అంది అవ్వ.

చిన్నప్పుడు ఆమె కథ చెబుతుంటే నేను ఊఁ కొట్టాలి, కొట్టకపోతే కథ ఆగిపోయేది. ఇప్పుడు తిరగబడింది. కట్టుకున్నదంతా వదిలేసి ఆమెకే చెప్పడం మొదలుపెట్టాను. ఒక ఊర్ల ఒక పిల్ల ఉండె. ఊఁ. బాయి నీళ్లు సల్లగున్నయని తాగె. ఊఁ. పండ్లు గార పట్టె. ఊఁ. మోకాళ్లు వంగిపాయె. ఈసారి ఊఁ రాలేదు. ఎవరి కథో అవ్వకు తెలిసిపోయింది, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఆ ఖాళీలో, వెనకాల గోడ దగ్గర నుంచి “ఊఁ” అని వినిపించింది. బాపు. ఆ తర్వాత హాలంతా అందుకుంది.

బాపు మాట తప్పలేదు, హైదరాబాద్ పంపాడు. అక్కడ చాలా వేదికలెక్కాను, చాలా చిటికెలు పడ్డాయి. ఏం చేయను, నాకు అందరూ ఆవులిస్తున్నట్టే ఉండేది. ఏడాది తిరక్కుండానే వచ్చి దుకాణంలో కూర్చున్నాను. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె లేని లోటు నాకు చెవుల్లో తెలుస్తుంది. టోపీ మాత్రం తక్కెడ పక్కన మేకుకు వేలాడుతోంది, దాన్ని చూస్తే ఎంసీ ఫ్లోరైడ్ మీద నవ్వూ వస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. రైతులు వచ్చి బోరు ఎండిందనీ, మొలక రాలేదనీ చెబుతుంటే నేను ఊఁ కొడుతుంటాను. ఎవరైనా మధ్యలో ఆగితే, “ఆగినవేందే పెద్దయ్యా, తర్వాత ఏమైంది?” అని అడుగుతాను.