ఎవరి ముడో తెలియాలండి

మా మాస్టారు పోయారని మొన్న బుధవారం పొద్దున్నే ఫోనొచ్చింది. తునిలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. గుండెపోటట. నిద్రలోనే వెళ్ళిపోయారట. నా చేత పీహెచ్‌డీ చేయించిన మనిషి ఆయన. కన్నతండ్రి పోయినప్పుడు ఏడ్చినట్టే ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

రాజమండ్రిలో ఆయన ల్యాబులో చేరిన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. గోదావరి జిల్లాల్లో గారు, అండి లేకుండా ఎవరూ మాట్లాడరు, నిజమే. కానీ మాస్టారు వైరస్‌ని కూడా గారనేవారు. "సర్పి వైరస్ గారు ఇవాళ ఎలా ఉన్నారండి?" అంటూ లోపలికి వచ్చేవారు. శిష్యుల్ని ఎప్పుడూ నువ్వు అనలేదు. కోపం వస్తే మాత్రం ఆ అండి కాస్త సాగేది. అది వినపడితే మేం బల్లల కిందకి దూరిపోవాల్సిందే.

సర్పి అంటే తెలియనివాళ్ళు మన వైపు ఉండరు. ఒంటికి ఒక పక్కన పట్టీలా పొక్కులు లేచి, నిప్పులు పోసినట్టు మండుతుంది. దానిమీద ఎర్రమన్నుతో బొమ్మ గీయించుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ జబ్బు తెచ్చే వైరస్ జన్యుపదార్థంలో కొన్ని వింత ముడులుంటాయి. మాస్టారి పరిశోధనంతా వాటిమీదే. డీఎన్‌ఏ అంటే రెండు పేటలు మెలిపెట్టిన తాడని బళ్ళో చెబుతారు. కొన్నిచోట్ల మాత్రం ఒక్క పేటే తనమీద తాను మడతలు పడి నాలుగు పేటల ముడి అవుతుంది. ఇది చెప్పడానికి ఆయన నా మెడలోని ఐడీ కార్డు తాడు అడిగి తీసుకుని, మడిచి ముడేసి చూపించారు.

"వైరస్ గారు తన నకలు తీసుకోవాలంటే ముందు ఈ ముడి విప్పుకోవాలండి. విప్పనివ్వకుండా గట్టిగా పట్టుకుని కూర్చునే మందు మనం చేయాలి. అంతేనండి మన ఉద్యోగం."

ఆ తాడు మళ్ళీ నాకు తిరిగి ఇవ్వలేదు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో నేను పడ్డ తిప్పలు ఆయనకేం తెలుసు!

ముడిని పట్టుకునే పదార్థం ఒకటి మాకు దొరికింది. ల్యాబులో పెంచిన కణాల్లో వైరస్ పెరగడం ఆగిపోయింది. ఒకటే గంతులు. ఎవరో కాజాలు తెచ్చారు. మాస్టారు ఒకటి కొరికి, "వైరస్ సోకని కణాల మీద వేసి చూశారాండీ?" అని అడిగారు. వేశాం. అవీ చచ్చిపోయాయి. అలాంటి ముడులు మనుషుల డీఎన్‌ఏలోనూ ఉంటాయి మరి. మా మందుకు తన పర భేదం లేదు. "ముడి దొరకడం గొప్ప కాదండి. ఎవరి ముడో తెలియాలండి" అన్నారు మాస్టారు. సర్పికి మందు కనిపెట్టారని రాసుకుపోదామని వచ్చిన విలేకరికి టీ ఇచ్చి, మందు ఇంకా లేదని చెప్పి పంపేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పేపర్లో పేరు పడే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది?

ఆయనకి ఇంట్లో అంతకంటే పెద్ద చిక్కు ఉంది. అమ్మగారికి, అంటే మాస్టారి భార్యకి, సర్పి వచ్చి తగ్గింది కానీ ఎడమ డొక్కలో మంట పోలేదు. చీర కొంగు తగిలినా ఓర్చుకోలేరు. వాళ్ళు ఎక్కని డాక్టరు గుమ్మం లేదు. ఒకసారి రామచంద్రపురంలో వాళ్ళింట్లో మేం భోజనం చేస్తుండగా ఆవిడ అడిగేశారు.

"మీరు చేసే ఆ మందేదో నా మీద చూడకూడదేంటండీ? ఇంతకంటే ఏమైపోతాను?"

మాస్టారు అన్నం కలపడం ఆపేశారు. "అది మన కణాల్ని కూడా పట్టుకుంటుంది. ఎవరికీ ఇవ్వను. నీకసలే ఇవ్వను." మళ్ళీ ఆయనే, "ఆ మందు పూర్తయినా నీ మంట తీరదు. వైరస్ నీ నరాన్ని పాడుచేసి పోయింది. ఈ మందు ఇకముందు జబ్బు పడేవాళ్ళకి" అన్నారు.

"తగ్గుతుందిలే అని ఒక్క అబద్ధమాడితే మీ సొమ్మేం పోయింది?" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. మాస్టారు చెయ్యి కడిగేసుకున్నారు. ఏం చెయ్యాలో తెలియక నేను పప్పు వడ్డించుకుంటూ కూర్చున్నాను.

ఆ పదార్థాన్ని మార్చి మార్చి చూస్తూనే ఆయన వెళ్ళిపోయారు. ఇప్పటి శిష్యులు చేసినది మన ముడుల జోలికి కాస్త తక్కువ వెళుతోంది. మందు కావడానికి ఇంకా చాలా దూరం ఉంది. మాస్టారుంటే ఈ మాట కూడా రాయనిచ్చేవారు కాదు.

బుధవారం నేను రామచంద్రపురం చేరేసరికే ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు. హాలు నిండా ఆడవాళ్ళు. ఒకటే ఉక్క. ఎవరో బంధువు, షామియానా వాళ్ళు తెచ్చిన స్టాండు ఫ్యాను వేసి, పాపం అమ్మగారికి గాలి ఆడాలని ఆవిడ వైపు తిప్పింది. కొంగు ఎగిరి డొక్కకి తగలగానే ఆవిడ పళ్ళు బిగించి, దాన్ని పిడికిట్లో పట్టుకున్నారు. నేను లేచి ఫ్యాను కట్టెయ్యబోతే ఆపారు.

"ఉండనీయమ్మా, వచ్చినవాళ్ళు ఉడికిపోతున్నారు. ఎక్కడికెళ్ళినా మీ మాస్టారు నాకు ఇటుపక్క కూర్చునేవారు, గాలి తగలకుండా."

నేను ఆవిడ ఎడమ పక్కకి జరిగి, ఫ్యానుకి వీపు పెట్టి కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ పిడికిలి వదిలారు. కొంగు కదలకుండా ఒళ్ళో పడి ఉంది.